పగటి నిడివి ఎరిగిన వరి: డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా జీవితం

1975 నవంబరు మధ్య భాగం. బస్తర్‌లో వరి కోతలు జోరుగా సాగుతున్నాయి. జగదల్‌పూర్ సమీపంలోని ఒక గ్రామంలో, భత్రా తెగకు చెందిన ఒక గిరిజన రైతు పొలం గట్టు మీద ఒక వయోవృద్ధ శాస్త్రవేత్త నిలబడి పైరును పరిశీలిస్తున్నారు. ఎదుట కోతకు సిద్ధంగా ఉన్నది అస్సాం చూడి అనే రకం. ఆ రైతు అదే వంగడంతో పంటల పోటీలో ప్రథమ స్థానం పొందారు. హెక్టారుకు సుమారు 50 కిలోల నత్రజనికి సమానమైన ఎరువు తప్ప ఆ పొలానికి వేసినది లేదు. పురుగుమందు చుక్కయినా చల్లలేదు. దిగుబడి హెక్టారుకు 5 వేల కిలోల దాకా రాగలదని రైతు అంచనా. అంటే మన లెక్కలో ఎకరాకు 75 కిలోల బస్తాలు దాదాపు 27. ఆనాటి గోదావరి డెల్టా రైతు సైతం గౌరవంగా వినదగిన అంకె అది.

పొలం చూసి, వివరాలు రాసుకొని, గింజలు సేకరించి బయలుదేరిన ఆ శాస్త్రవేత్త డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా. అప్పటికి ఎనిమిదేళ్ల క్రితమే దేశంలోని అత్యున్నత వరి పరిశోధన సంస్థ సంచాలక పదవి నుంచి ఆయన వైదొలగవలసి వచ్చింది. ఆ పదవి పోవడానికీ, ఈ గిరిజన రైతు గట్టు మీద ఆయన నిలబడి ఉండడానికీ కారణం ఒక్కటే. ఈ నేలలో పుట్టిన వంగడాలను తెలుసుకోకుండా, వాటిని పక్కకు నెట్టి పరాయి వంగడాలను పరచడం తగదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది.

బస్తర్ తెలుగువారికి దూరపు ప్రాంతం కాదు. ఇంద్రావతి, శబరి రెండూ ఆ అడవుల మీదుగా వచ్చి గోదావరిలో కలిసేవే. కోంటా, భోపాలపట్నం వైపు ఊళ్లలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. కాకతీయ వంశీకుడైన అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వెళ్లి అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. నేడు ఏడు జిల్లాలుగా ఉన్న ఆ ప్రాంతం రిఛారియా తిరిగిన రోజుల్లో ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది వచ్చిన రిఛారియా తొలుత వృక్షకణాల అధ్యయనంలో పేరు తెచ్చుకున్నారు. ముల్లంగికీ, కోసుకూర జాతికీ పుట్టిన సంకర సంతతిలోని క్రోమోజోముల నడవడిపై ఆయన వ్యాసం 1937లో అంతర్జాతీయ జన్యుశాస్త్ర పత్రికలో వెలువడింది. ఆ దారిలోనే సాగితే ప్రయోగశాలలో ప్రశాంతంగా జీవితం గడిచి ఉండేది. కాని ఉద్యోగం ఆయనను బీహార్‌లోని భాగల్పూర్ దగ్గర సబౌర్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి చేర్చింది. అక్కడ వరి ఆయనను పట్టుకుంది.

బీహార్ రైతులు వరిని మాసాల పేర్లతో పిలుస్తారు. భాద్రపదంలో కోతకు వచ్చేది భదై. మార్గశిరంలో కోతకు వచ్చేది అగహనీ. ఇవి కేవలం వాడుక పేర్లు కావు. వీటి వెనుక ఒక జీవశాస్త్ర సత్యం ఉంది. అది తెలియనిదే రిఛారియా జీవితంలోని పోరాటం అర్థం కాదు.

వరి స్వభావతః చిన్న పగళ్ల మొక్క. పగటి నిడివి ఒక హద్దు కంటే తగ్గితేనే అది పూతకు ఆయత్తమవుతుంది. నిజానికి ఆకు కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. వీధిదీపం కింద ఉన్న మడిలో పాత రకం వరి పక్క మడులన్నీ ఈనిన తరువాత కూడా పచ్చగానే నిలిచి ఉండడం రైతులు ఎరిగిన సంగతే. దీపపు వెలుతురు రాత్రిని ముక్కలు చేయడం వల్ల ఆ మొక్క ఇంకా పొడవైన పగళ్లే నడుస్తున్నాయని భ్రమపడుతుంది. పగటి నిడివికీ మొక్కల పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో పొగాకు, సోయా మొక్కలపై ప్రయోగాలతో నిరూపించారు. రైతుల విత్తనపు గాదెలలో ఆ జ్ఞానం అంతకు ఎన్నో తరాల ముందునుంచే ఉంది.

బస్తర్ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్ నెలాఖరున పగలు పదమూడుంపావు గంటలు. సెప్టెంబరు మధ్య నాటికి అది పన్నెండుంపావు గంటలకు దిగుతుంది. డిసెంబరులో పదకొండు గంటలే. బాగా స్పందించే దేశవాళీ రకం ఒకటి పన్నెండుంపావు గంటల హద్దు గలది అనుకుందాం. దానిని జూన్ మధ్యలో విత్తినా, వాన ఆలస్యమై ఆగస్టు మొదట్లో విత్తినా, సెప్టెంబరు మధ్య వరకు అది పిలకలు వేస్తూ ఎదురుచూస్తుంది. అప్పుడు దుబ్బు లోపల చిరుపొట్ట ఏర్పడుతుంది. అక్కడి నుంచి దాదాపు 35 రోజులకు వెన్ను బయటికి వస్తుంది. మరో 30 రోజులకు గింజ పండుతుంది. నెలన్నర ఆలస్యంగా విత్తిన పైరు కూడా కోతకు వచ్చేసరికి ముందు విత్తిన పైరుతో ఇంచుమించు కలిసిపోతుంది. విత్తే తేదీని వాన నిర్ణయిస్తుంది, కోసే తేదీని మాత్రం ఆకాశం నిర్ణయిస్తుంది.

ఇది ఎంత సున్నితమైన కొలతో చెప్పడానికి మలయా ద్వీపకల్పంలోని ఒక ఉదాహరణ చాలు. భూమధ్యరేఖకు చేరువలో ఉన్న మలక్కాలో ఏడాది పొడవునా పగటి నిడివిలో తేడా 14 నిమిషాలే. అయినా సియాం-29 అనే వరి ఆ కొద్దిపాటి తేడాను గుర్తించి, ఒక నెలలో విత్తితే పూతకు తీసుకునే కాలానికి మరో నెలలో విత్తితే దాదాపు రెట్టింపు తీసుకునేదని 1959లో ప్రచురితమైన పరిశీలన ఒకటి వెల్లడించింది.

అన్ని రకాలూ ఇలా ఉండవు. మెట్ట మీద ఎదజల్లే తొలకరి రకాలు చాలావరకు పగటిని పెద్దగా పట్టించుకోవు. మొలిచిన తొంభై, నూరు రోజులకు పండిపోతాయి. బీహార్ భదై ఆ కోవలోది. లోతట్టు మాగాణుల రకాలు చాలా పట్టింపు గలవి. ఈ రెండు కొసల నడుమ మెట్లు మెట్లుగా వేలాది రకాలు. ఒక రకం అక్టోబరు మొదటి వారంలో ఈనుతుంది, మరొకటి దసరా వెళ్లాక, ఇంకొకటి దీపావళి నాటికి. ఊరి నేలలో తేమ ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ ఊరి రకాల హద్దు అంతకు తగ్గట్టే ఉంటుంది. వాన వెనుదిరగకముందే ఈనితే పుప్పొడి కొట్టుకుపోయి తాలు గింజలు మిగులుతాయి. నీరు ఇంకిపోయాక ఈనితే గింజ పాలుపోసుకోదు. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు దారిని రైతులు తరతరాల ఎంపికతో కనిపెట్టారు.

1959లో రిఛారియా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. 1943 నాటి బెంగాల్ కరువు మిగిల్చిన గాయం మీద 1946లో పుట్టిన సంస్థ అది. తొలి సంచాలకులు కె. రామయ్య. భారత, జపాన్ వరులను సంకరం చేసే అంతర్జాతీయ పథకం కూడా అక్కడే నడిచింది. ఆ సంకరాల నుంచి మలేషియాలో ఎంపికైనదే మషూరి. మషూరి సంతతే తరువాత మార్టేరులో స్వర్ణకూ, బాపట్లలో సాంబ మషూరికీ తల్లివేరు అయింది. నేడు తెలుగు ఇళ్లలో ఉడుకుతున్న అన్నానికి కటక్‌తో ఉన్న చుట్టరికం అది.

కటక్‌లో రిఛారియా చేసిన పనిలో రెండు అంశాలు గుర్తుంచుకోదగినవి. ఒకటి, ఎస్. గోవిందస్వామితో కలిసి భారతదేశపు వరి రకాలపై ఆయన వెలువరించిన గ్రంథం. ఎక్కడెక్కడ ఏ రకం పండుతుందో, దాని గుణమేమిటో, ఏ కాలంలో వేస్తారో తెలిపే ఆ పుస్తకం నేటికీ పరిశోధకులకు అక్కరకు వచ్చేదే. రెండవది వరి పిలకలను విడదీసి నాటి, సంకర తేజాన్ని తరువాతి పంటలకు నిలుపుకునే పద్ధతి. 1962లో నేచర్ పత్రికలో దానిని ప్రకటించారు. రైతు ఏటా కొత్త సంకర విత్తనం కొననక్కరలేకుండా, ఉన్న దుబ్బునే చీల్చి నాటుకోవచ్చునన్నది ఆలోచన. ఆలోచన గొప్పదే. కాని వేల ఎకరాలకు చాలినన్ని పిలకలను వేసవి దాటించి బతికించుకోవడం, కూలీల ఖర్చు భరించడం మామూలు రైతుకు తేలిక కాదు. ఆ పద్ధతి పొలాల్లో విస్తృతంగా వేళ్లూనలేదు. రిఛారియా మాత్రం దానిపై ఆశ చివరిదాకా వదులుకోలేదు.

ఆయన కటక్‌లో ఉండగానే ప్రపంచ వ్యవసాయం మలుపు తిరిగింది. ముందు గోధుమలో తిరిగింది. గోధుమది వరికి వ్యతిరేక స్వభావం. అది పొడవైన పగళ్లు వస్తేనే పూస్తుంది. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ ఏడాదికి రెండు పంటలు తీసే తొందరలో, ఒక తరాన్ని సొనోరా మైదానంలోనూ మరు తరాన్ని వందల మైళ్ల దూరంలోని తొలూకా పీఠభూమిలోనూ పెంచారు. రెండు చోట్లా పగళ్ల నిడివి వేరు. రెండు చోట్లా బతికి పండినవి పగటి నిడివిని లెక్కచేయని మొక్కలే. కాలాన్ని ఆదా చేయబోయిన పద్ధతి కాలానికి లొంగని గోధుమను ఇచ్చింది. ఆ గుణమూ పొట్టి కాండమూ కలిసిన గోధుమలు మెక్సికో నుంచి పంజాబ్ దాకా ఎక్కడ వేస్తే అక్కడ పండాయి.

వరిలో అదే కోరికతో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడింది. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ సంస్థలు దానికి నిధులిచ్చాయి. తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1, ఆ తరువాత 1966లో లాస్ బానోస్ నుంచి ఐఆర్-8 వచ్చాయి. పొట్టివి, ఎరువు వేస్తే పడిపోనివి, అన్నింటికీ మించి పగటి నిడివితో నిమిత్తం లేకుండా విత్తిన నాటి నుంచి ఇంచుమించు ఇన్ని రోజులకు పండేవి.

దీని మహత్తు తెలుగు డెల్టా రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కుళ్ళు, కృష్ణ కాటుకలు, మొలగొలుకుల వంటి పాత దీర్ఘకాలిక రకాలు సార్వాకు పరిమితం. వాటిని దాళ్వాలో వేస్తే కొన్ని అకాలంలో జానెడు ఎత్తున వెన్ను తీసేవి, మరికొన్ని పెరుగుతున్న పగళ్లను చూసి ఈనడమే మానుకునేవి. పగటికి లొంగని కొత్త రకాలు వచ్చాకే దాళ్వా విస్తరించింది. కాలువ నీరున్న చోటల్లా రెండో పంట నిండు పంటయింది. ఆ రెండో పంట కోట్లాది నోళ్లకు తిండి పెట్టింది. రిఛారియా కథ చెప్పేటప్పుడు ఈ సంగతిని దాటవేయడం ఆయన ప్రత్యర్థులకు చేసే అన్యాయమవుతుంది.

అయితే ఆయన ఆక్షేపణ కూడా గాలిలోంచి పుట్టినది కాదు. తగిన పరీక్షలు లేకుండా ఒకే రక్తపు పొట్టి రకాలను దేశమంతటా పరిస్తే కొత్త తెగుళ్లు, వైరస్‌లు చొరబడతాయని ఆయన హెచ్చరించారు. తైచుంగ్ నేటివ్-1 ఆకు ఎండు తెగులుకూ, టుంగ్రో వైరస్‌కూ తేలికగా లొంగిపోవడం త్వరలోనే అందరికీ కనిపించింది. 1970ల్లో సుడిదోమ డెల్టాల్లో ఏం చేసిందో ఆ తరం రైతులకు తెలుసు. కాలువ లేని చోట, వాన మీదే ఆధారపడిన చోట, పగటి నిడివిని పట్టించుకోని రకం ఒక చిక్కు తెచ్చిపెడుతుందన్నది మరొక సంగతి. జూన్‌లో విత్తితే అది అక్టోబరు కుండపోత వానల్లో పండి నిలుచుంటుంది, ఆగస్టులో విత్తితే నీరు లేని నవంబరులో ఈనుతుంది. వాన తేదీ మారితే దానికి సర్దుకునే తెలివి దానికి లేదు.

కటక్‌లోని దేశవాళీ విత్తన సంపదను విదేశీ సంస్థకు అప్పగించే విషయంలోనూ రిఛారియా తలవంచలేదు. ఢిల్లీతో విభేదాలు ముదిరాయి. 1967లో ఆయన పదవి నుంచి తొలగవలసి వచ్చింది. ఆయన ఒరిస్సా హైకోర్టును ఆశ్రయించారు. మూడేళ్ల పాటు ఒంటరిగా సాగిన ఆ వ్యాజ్యం కుటుంబాన్ని కుంగదీసింది. పిల్లల చదువులు దెబ్బతిన్నాయి, భార్య ఆరోగ్యం పాడయింది. 1970లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. గౌరవం తిరిగి వచ్చింది. పోయిన మూడేళ్లు రాలేదు.

ఆ తరువాత మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనను వ్యవసాయ సలహాదారుగా ఆహ్వానించింది. నేటి ఛత్తీస్‌గఢ్ అప్పుడు ఆ రాష్ట్రంలో భాగం. రాయ్‌పూర్‌లో, సహకార రైసుమిల్లుల చేరువన, ఒక చిన్న భవనంలో మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థ మొదలైంది. ఏటా 20 వేల రూపాయల నిధులు, ఇద్దరు వ్యవసాయ పట్టభద్రులు, నెలకు 250 రూపాయల జీతంపై ఆరుగురు గ్రామస్థాయి కార్యకర్తలు. సూక్ష్మదర్శిని కూడా లేదు. కేంబ్రిడ్జిలో కణాలు పరిశీలించి వచ్చిన మనిషి ఇప్పుడు కంటితోనూ, వేళ్లతోనూ, రైతుల మాటతోనూ పని చేశారు. ఆరేడేళ్లలో ఆ కొద్దిమంది కూడగట్టినది 19 వేలకు పైగా వరి నమూనాలు.

సేకరణ పద్ధతిలో ఆడంబరం లేదు. పైరు పొలంలో ఉండగానే ఊరూరా తిరగడం, రైతు ఇచ్చిన గింజతో పాటు రైతు చెప్పిన మాటనూ రాసుకోవడం, మరుసటి వానాకాలం ఆ గింజను విత్తి చూడడం. విత్తన భాండాగారం చల్లని గదిలో కాక పొలంలోనే బతకాలన్నది ఆయన సిద్ధాంతం. ఒక రకాన్ని అది పుట్టిన ఊళ్లోనే ఏటా పండిస్తూ మెరుగుపరచాలని, అందుకు వందలాది చిన్న కేంద్రాలు కావాలని ఆయన వాదించారు. కటక్‌లో పూచే తేదీ వేరు, బస్తర్‌లో పూచే తేదీ వేరు అయినప్పుడు, ఒక చోట పెంచి మరో చోటికి తీర్పు చెప్పడం కుదరదు. పగటి నిడివికి స్పందించే మొక్కల విషయంలో ఈ వాదనకు బలం ఎక్కువ.

బస్తర్‌లో ఈ వాదనకు ప్రతి ఊరూ ఒక సాక్ష్యం. అక్కడ పొలం అంటే ఒకటి కాదు. ఎత్తుగడ్డ మీది నేల మర్హాన్, దాని దిగువన టిక్రా, ఇంకా దిగువన మాల్, అడుగున నీరు నిలిచే గభార్. ఒకే కుటుంబానికి ఈ నాలుగింటిలోనూ చెక్కలుంటాయి. గడ్డ మీది ధాన్యం భాద్రపద ప్రాంతంలో చేతికొస్తేనే నవాఖానీ పండుగ. మన ఏజెన్సీలో కొత్తల పండుగ వంటిదే అది. కొత్త బియ్యం దేవతకు పెట్టనిదే ఇంట్లో వండరు. గభార్‌లోని ధాన్యానికి తొందర లేదు. చలి దిగాక, పగలు బాగా తగ్గాక అది పండుతుంది. మొదటిది పగటిని పట్టించుకోకూడదు, రెండవది పట్టించుకొని తీరాలి. రెండు గుణాలూ ఒకే ఇంటి విత్తన బుట్టల్లో పక్కపక్కన ఉంటాయి. మధ్య పొలాల రకాలు ఒకదాని తరువాత ఒకటి కోతకు వస్తాయి గనుక ఇంట్లో ఉన్న నలుగురి చేతులతోనే కోతలన్నీ ముగుస్తాయి. కూలికి మనిషిని పిలిచే శక్తి లేని ఇంటికి ఇది చిన్న మేలు కాదు.

సేకరణలోని పేర్లే ఒక లోకం. సువాసనకు దుబ్‌రాజ్, బాద్‌షాభోగ్, చిన్నోర్. నడుము, కీళ్ల నొప్పులకు మంచిదని రైతులు చెప్పే గఠువన్. ఒక పొట్టులో రెండు గింజలుండే రామ్ లక్ష్మణ్. ఆకు ఊదారంగులో ఉండే నాగ్‌కేసర్. ఈ చివరిది అందం కోసం కాదు. ఎదజల్లిన వరిలో కర్గా అనే అడవి వరి కలిసి మొలిస్తే చిన్న మొక్కలప్పుడు రెంటినీ వేరు చేయడం కష్టం. ఊదా ఆకుల రకం వేస్తే పచ్చగా ఉన్నదంతా కలుపేనని తెలిసిపోతుంది. ఫరస్‌గావ్ ప్రాంతపు లోతట్టు పొలాల్లో సుర్జా అనే పొడవాటి, లావు గింజ రకాన్ని రిఛారియా చూశారు. పొడవైనదైనా పడిపోదు. తక్కువ ఎరువుతో అది జయకు పోటీ ఇవ్వగలదని అక్కడి రైతు నమ్మకం. జయ అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా నడిచిన అఖిల భారత సమన్వయ పథకం 1968లో విడుదల చేసిన రకం. తైచుంగ్ నేటివ్-1ను ఒరిస్సా దేశవాళీ టి-141తో సంకరం చేసి దాన్ని రూపొందించారు. దేశవాళీ రక్తం కలిసిన పొట్టి వరి అన్నమాట. రెండు శిబిరాల మధ్య గోడ అనుకున్నంత ఎత్తైనది కాదనడానికి ఇది ఒక నిదర్శనం.

తన సేకరణలో సుమారు 8 శాతం రకాలు హెక్టారుకు 3,705 కిలోలు, అంటే ఎకరాకు 15 క్వింటాళ్లకు తగ్గకుండా దిగుబడి ఇచ్చేవని రిఛారియా లెక్కగట్టారు. బస్తర్‌లోని మొక్డో రకం 4,700 కిలోల దాకా ఇచ్చిన సందర్భాన్నీ నమోదు చేశారు. అధిక దిగుబడి అన్న మాట విదేశీ విత్తనాల సొత్తు కాదని చెప్పడానికి ఆయనకు ఇవి ఆయుధాలయ్యాయి. ఈ అంకెల్లో కొన్ని ఒక్కొక్క రైతు మంచి పొలంలో, మంచి ఏట వచ్చినవి. అనేక చోట్ల, అనేక ఏళ్లు జరిపే పరీక్షలకు ఇవి సమానం కావు. అటువంటి పరీక్షలు జరపడానికి కావలసిన ఏళ్లనే ఆయనకు ఇవ్వలేదు.

1970ల చివర మధ్యప్రదేశ్ వ్యవసాయ పరిశోధనకు ప్రపంచ బ్యాంకు సాయంతో నాలుగు కోట్ల రూపాయల పథకం వచ్చింది. ఒకే రాష్ట్రంలో రెండు వ్యవస్థలు ఒకే పని చేయడం అనవసరమన్న కారణంతో రాయ్‌పూర్ సంస్థను మూసివేశారు. సిబ్బందినీ, విత్తనాలనూ జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయానికి బదలాయించారు. రిఛారియాను మాత్రం తీసుకోలేదు. ఆయన గదులకు తాళం పడింది. ఏటా 20 వేల రూపాయల సంస్థను నాలుగు కోట్ల పథకానికి అడ్డుగా భావించడం పాలనా చరిత్రలో వింత ఘట్టమే.

ఇందిరా గాంధీ ప్రధానిగా ఉన్న ఆఖరి ఏళ్లలో వరి ఉత్పత్తి పెంపుపై కార్యాచరణ ప్రణాళిక రాసి ఇవ్వవలసిందిగా ఆయనను కోరారు. దేశవాళీ రకాలే పునాదిగా, ఊరి స్థాయి కేంద్రాలే సాధనంగా ఆయన ప్రణాళిక రాశారు. ఆమె మరణం తరువాత అది కదలలేదు. 1986 మార్చిలో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో క్లాడ్ అల్వారెస్ రాసిన సుదీర్ఘ వ్యాసం ఆయన కథను మొదటిసారి సామాన్య పాఠకుల ముందుంచింది. అప్పటికి ఆయన భోపాల్‌లో విశ్రాంత జీవితం గడుపుతున్నారు. భారతదేశంలో ఇంకా దాదాపు రెండు లక్షల వరి రకాలు ఉండవచ్చునన్న ఆయన అంచనా ఆ రోజుల నుంచే తరచూ ప్రస్తావనకు వస్తోంది. 1996లో ఆయన కన్నుమూశారు.

ఆయన పోయిన నాలుగేళ్లకు, 2000లో, జపాన్ శాస్త్రవేత్తలు వరిలో పగటి నిడివికి స్పందించే ముఖ్య జన్యువును వేరుచేసి చూపారు. దానికి హెచ్‌డి-1 అని పేరు. 2008లో చైనా పరిశోధకులు జీహెచ్‌డి-7 అనే మరొక దానిని వెల్లడించారు. ఆకులో పుట్టి కొనకు పాకి పూతకు పిలుపునిచ్చే మాంసకృత్తు ఏదో కూడా తేలింది. పొడవైన పగళ్లలో ఆ పిలుపును ఈ జన్యువులు అణచిపెడతాయి. పగళ్లు తగ్గగానే పట్టు సడలుతుంది. ఏ రకంలో ఏ జన్యువు ఏ రూపంలో ఉందో, ఎక్కడ చెడిపోయి ఉందో దానిని బట్టి ఒక వరి దసరాకు ఈనుతుంది, మరొకటి దీపావళికి, ఇంకొకటి పంచాంగాన్నే పట్టించుకోదు. బస్తర్ ఇంటి బుట్టల్లో కనిపించిన వైవిధ్యానికి ప్రయోగశాల ఇచ్చిన పేర్లు అవి.

దేశవాళీ రకాలు భవిష్యత్తు వంగడాలకు పెట్టుబడి అన్న ఆయన మాట కూడా నిలిచింది. వరంగల్‌లో ఉల్లికోడును తట్టుకునే డబ్ల్యూ-1263ను తయారు చేసినప్పుడు ఆ శక్తినిచ్చినది ఈశ్వరకోర అనే దేశవాళీ వరి. మార్టేరులో పుట్టి, ఛత్తీస్‌గఢ్ మైదానాలను కూడా ఆక్రమించిన స్వర్ణకు మునకను తట్టుకునే జన్యువును జోడించి 2009లో స్వర్ణ-సబ్1గా విడుదల చేశారు. ఆ జన్యువు ఒరిస్సా దేశవాళీ నుంచి ఎంపికైన ఎఫ్‌ఆర్-13ఏ అనే వరిది. పొడవైనది, పగటి నిడివిని పాటించేది, తక్కువ దిగుబడినిచ్చేది. పొలంలో దానికి చోటు లేకపోయింది, గాదెలో ఉన్నందువల్ల అక్కరకొచ్చింది.

రిఛారియా సేకరణ కాలక్రమంలో 1987లో ఏర్పడిన రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చేరింది. 2002లో ఆ విశ్వవిద్యాలయం సింజెంటా అనే బహుళజాతి సంస్థతో పరిశోధన ఒప్పందానికి సిద్ధపడినప్పుడు, ఆ సంపద ప్రైవేటు చేతికి పోతుందన్న ఆందోళనతో రైతులు, విద్యార్థులు, స్వచ్ఛంద సంఘాలు వీధికెక్కాయి. డిసెంబరులో కంపెనీ తప్పుకుంది. ఆరేళ్ల క్రితమే గతించిన వృద్ధుడి పేరు ఆ ఊరేగింపుల్లో మారుమోగింది.

నేడు అక్కడ ఉన్న వరి నమూనాలు 23 వేలకు పైమాటే. చల్లని గదిలో పెట్టినా గింజ శాశ్వతంగా బతకదు. కొన్నేళ్లకొకసారి విత్తి, కొత్త గింజ తీయాలి. వీటిలో అధిక భాగం పగటి నిడివి పాటించేవే గనుక వేసవిలో ఆ పని కుదరదు, వానాకాలంలోనే చేయాలి. ఒకే రోజున నాటిన వరుసల్లో కొన్ని సెప్టెంబరులోనే ఈనుతాయి. కొన్ని నవంబరు దాకా ఆకుపచ్చగా నిలబడి ఉంటాయి.